పత్తి మంచులో కొవ్వొత్తులు

సుగుణా,

నీ చీరకి నిప్పంటుకున్న ఆ తాటాకు వసారాలోనే మీ అన్న ఈ క్రిస్మస్‌కీ గడ్డితో పశువుల పాక కట్టాడు. మంచు కురిసినట్టుండాలని చేలోని పత్తి తెచ్చి దానిమీద పరిచాడు. ఆ పత్తి మధ్యలో కొవ్వొత్తులు నిలబెట్టి వెలిగించాడు. పర్చూరు ఎండల్లో పుట్టినవాడికి మంచు ఎందుకో నేను చదివిన ఏ పుస్తకంలోనూ దొరకలేదు.

"బల్బులు పెట్టుకోవచ్చుగా బావా" అన్నాను.

"కొవ్వొత్తి లేని పండగేంది బావా? ఏదైనా దేవుని చిత్తం" అన్నాడు.

నీ సమాధి దగ్గరా అదే మాటన్నాడు. నీ చీర అంటుకున్ననాడు కొవ్వొత్తులకి అగ్గిపుల్ల గీసింది దేవుడు కాదు, మీ అన్న.

ఇంతలో మీ అన్న మనవరాలు, నీ పేరు పెట్టుకున్న పిల్ల, బాలయేసును ముద్దుపెట్టుకోవాలని కొత్త గౌనుతో పాక మీదికి వంగింది. నేను పిల్లను వెనక్కి లాగి, బిందెడు నీళ్ళు తెచ్చి పాకమీద కుమ్మరించాను. కొవ్వొత్తులు ఆరిపోయాయి. మట్టి యోసేపు కరిగిపోయాడు.

"పండగ నాశనం చేశావు గదా బావా. ఇంక మా గడప తొక్కబాక" అన్నాడు. పక్కనున్న పాస్టరుగారు అవునన్నట్టు తలాడించారు.

తొక్కుతాను. వచ్చే క్రిస్మస్‌కి పిలవకపోయినా వెళ్తాను. నీళ్ళబిందె మన ఇంటినుంచే మోసుకెళ్తాను.