వెనక పన్ను

చెల్లీ,

నువ్వు చల్లగా ఉండాలని దణ్ణం పెట్టుకునే ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

మంగళవారం పొద్దున్న. పొయ్యి మీద నీళ్లు కాగుతున్నాయి. మీ బావ మంచం కింద ఒక చెప్పు కోసం వెతుకుతున్నారు. నేను ప్రార్థన ముగించుకుని, బుజ్జిదాన్ని సింకు దగ్గర పీట మీద నిలబెట్టి పళ్లు తోముతున్నాను. బ్రష్షు కుడివైపు వెనక్కి పోగానే నా మణికట్టు పట్టేసుకుంది. "వద్దు పెద్దమ్మా, అక్కడ వద్దు." కళ్లనిండా నీళ్లు.

ఆ చోటేదో నాకు తెలుసు. మూడు నెలల కిందట నువ్వొచ్చినప్పుడు దాని నోరు తెరిపించి, "అక్కా, ఈ వెనక పన్ను మీద నల్లచుక్క ఉంది, డాక్టరుకి చూపించు" అన్నావు. "పాలపన్నేగా, అదే ఊడిపోతుంది" అన్నాను. నువ్వు వెళ్లాక అనుమానం వచ్చింది. అయినా తీసుకెళ్లలేదు. నాలుగు నెలల పిల్లని నా చేతిలో పెట్టి నైట్ డ్యూటీల ఉద్యోగానికి వెళ్లావు. ఏడేళ్లు పెంచిన నాకు, నాలుగు రోజులుండి పోయే మనిషి చెప్పడమా అనుకున్నాను. పగటి డ్యూటీ దొరికింది, ఇక పిల్లని పంపించమన్నావు. బుజ్జిదేమో ఊడిన ముందుపన్ను నాకు చూపించకుండా నీకోసం అగ్గిపెట్టెలో దాచింది. ఒళ్లు మండిపోయింది చెల్లీ. రోజూ ప్రార్థనలో కూర్చుని, పన్ను గురించి నువ్వన్నది తప్పు అని తేలాలని కోరుకున్నాను. దేవుణ్ణి అలాంటిది అడిగానని ఎవరికీ చెప్పలేదు.

మధ్యాహ్నం పళ్ల డాక్టరమ్మ ఎక్స్‌రే చూపించింది. పాలపళ్ల కింద, ఎముకలో, పెద్దపళ్లు వరసగా పడుకుని ఉన్నాయి. "పాలపళ్లు తల్లి కడుపులోనే తయారవుతూ వస్తాయి. ఈ కిందవి గట్టిపడేది చాలావరకు పుట్టాకే" అంది. అంత బాధలోనూ నా మనసు పంపకాలు చేసింది: పాలపళ్లు నీవి, ఇవి నావి.

"మరి పుచ్చినది?" అన్నాను.

"అది పాలపన్ను కాదమ్మా. ఆరేళ్లకి అన్నిటికీ వెనక వస్తుంది. దానికోసం ఏ పన్నూ ఊడదు, అందుకే ఇంట్లోవాళ్లు గమనించరు. జీవితాంతం ఉండాల్సింది. మూడు నెలల ముందొస్తే చిన్నగా నింపేసేదాన్ని. ఇప్పుడు నరం దాకా పోయింది. నిలబెట్టడానికి చూస్తాను."

నాదని మురిసినదాన్నే నేను పాడుచేశాను.

సాయంత్రం అమ్మకీ మీ బావకీ అంతా చెప్పాను. "పిల్లని పంపించేద్దాం. పెంచే అర్హత నాకు లేదు" అన్నాను. అమ్మ కూర తరగడం ఆపింది. "శిక్ష వేసుకోడానికి నీకు పిల్లే దొరికిందా? అది వాళ్లమ్మ దగ్గరికి పోతోంది, నవ్వుతూ పోవాలి. నువ్వు ఆ మొహంతో పంపితే ఊరుకోను."

చివరికి ముగ్గురం అనుకున్నదిది. స్కూలుకి సెలవులివ్వగానే బుజ్జిది నీ దగ్గరికి వస్తుంది, ఉండిపోవడానికే. పన్ను పని వచ్చే గురువారం. అందాకా నొప్పికి మందిచ్చారు. సెలవు పెట్టి రా. కుర్చీ పక్కన ఒక్కరినే ఉండనిస్తారట. దాని చెయ్యి నువ్వు పట్టుకో. నేను బయట బల్ల మీద ఉంటాను. పిలిస్తే తప్ప లోపలికి రాను.

నీ అక్క