జమ్ముపిట్టా, ఆల్చిప్పా

అక్కకు,

నమస్కారం దండగ, ఒళ్లు మండిపోతోంది. కాలువల ఆఫీసు కాగితం నీకూ అందే ఉంటుంది. నువ్వు కాపలా కాసే జమ్ము మడుగో, నేను పూడిక తీసే యంత్రం నడిపే ఏటి మలుపో, ఒకటి తవ్వుతారట, ఒకటి వదిలేస్తారట. ఏది వదలాలో మనిద్దరం ఒక మాట మీదకొచ్చి సంతకాలు పెట్టాలి. నా ఆల్చిప్పల్నే వదలాలి. బురదలో కూర్చుని నోరెత్తకుండా ఏరంతా వడగడతాయి. నీ జమ్ముపిట్ట పాడుతుంది, అంతే.

మండుతున్న తమ్ముడు

తా.క. పాడేవాళ్లకే పేరొస్తుంది. మనింట్లో చూశాగా.

తమ్ముడికి,

ఇష్టం లేకపోయినా ఆశీస్సులు. అంటే నేను కబుర్లతో పేరు కొట్టేశాను, చాకిరీ నువ్వు చేశావనా? నా పిట్ట జమ్ము పోచల మధ్య గూడు అల్లితే ఎంత గాలికీ గుడ్డు జారదు. నీ చిప్ప ఏం కట్టింది?

అక్క

తా.క. నీ ఉత్తరం అమ్మకు చదివి వినిపించాను. ఆల్చిప్ప అచ్చం నీలాగే ఉందట. పలకరిస్తే మూసుకుంటుందంది.

అక్కకు,

అవును, చిప్పనే. గర్వంగా చెబుతున్నాను. పుట్టగానే చేప మొప్పలు పట్టుకుని ఏటికి ఎదురెక్కి, దిగినచోటే బతికే జీవి అది. ఇది నాకెవరూ చెప్పలేదు, పాత పుస్తకాలు వెతికి నేనే నేర్చుకున్నాను. నీ పిట్టకు రెక్కలున్నాయిగా, ఎగిరిపొమ్మను.

చిప్ప

తా.క. నేను పలుకుతానని అమ్మకు చెప్పు. పలకరించేవాళ్లే లేరు.

చిప్పగారికి,

ఎగిరి ఎక్కడికి పోతుందిరా? ఈ చుట్టుపక్కల జమ్ము ఇంకెక్కడ మిగిలింది? నీ తా.క. విని అమ్మ నన్ను గుమ్మం దాకా తరిమింది. పలకరిద్దామని ఏటి మలుపుకు వచ్చాను, నువ్వు లేవు. యంత్రం తగలకుండా ఆల్చిప్పలున్న చోటల్లా కర్రలు పాతి ఎర్రగుడ్డలు కట్టావు. మా తమ్ముడి పనేనని నన్ను దింపిన పడవవాడికి రెండుసార్లు చెప్పుకున్నాను. ఓడిపోయాన్రా. ఆల్చిప్పల్నే వదలమని సంతకం పెట్టి పంపేశాను.

అక్క

తా.క. రెండోసారి పడవవాడు వినిపించుకోలేదు.

అక్కకు,

ఎంత పని చేశావు. నేను పిట్టనే వదలమని సంతకం పెట్టేశాను. కర్ర పాతుతుంటే నీ పిట్ట పక్క కర్ర మీద వాలి పాడింది. సుత్తి ఎత్తినవాణ్ని ఎత్తినట్టే నిలబడిపోయాను.

ఇప్పుడు ఆఫీసు జవాబొచ్చింది. మనకు ఒక మాట కుదరలేదు కాబట్టి, కుదిరేదాకా ఎక్కడా తవ్వకూడదట. యంత్రం గట్టెక్కింది, నేను దాన్ని తుడుస్తున్నాను. ఎప్పుడు ఒప్పుకుంటారయ్యా అని ఇంజనీరుగారు అడిగితే, "ఒప్పుకోవడం మా ఇంట్లో ఎవరికీ రాదండీ" అన్నాను. అంత గర్వంగా నేనెప్పుడూ మాట్లాడలేదు. కాబట్టి దయచేసి నాతో ఏకీభవించకు. తిరుగు టపాలో తిట్టు.

నీతో ఎన్నటికీ ఒప్పుకోని తమ్ముడు

తా.క. అమ్మను కూడా తిట్టమను. పలుకుతాను.