అత్తయ్య కుడి మోకాలు, నా ఖాళీ శుక్రవారం

అక్టోబరు 27, సోమవారం. ఉ. 6.30

కొత్త డైరీ. కొత్త జీవితం! పదకొండేళ్ల కార్పొరేట్ ఆసుపత్రి ఉద్యోగానికి శనివారంతో దణ్ణం పెట్టేశాను. ఇకపై డాక్టర్ రాగసుధ, మత్తు డాక్టరు, స్వతంత్రురాలు. గుంటూరు, పొన్నూరు, అద్దంకి... ఏ నర్సింగ్‌హోమ్ పిలిస్తే అక్కడికి వెళ్లడం, మత్తివ్వడం, వచ్చేయడం. నా టైముకి నేనే యజమానిని!

నియమాలు:
1. రోజుకి రెండు ఊళ్లే.
2. కుదరకపోతే "కుదరదు" అనాలి. అంతే.
3. నవంబరు 7, శుక్రవారం ఎవరికీ లేదు. ఆరోజు గుంటూరులో అత్తయ్య కుడి మోకాలి ఆపరేషన్.

మూడోదే అసలుది. అత్తయ్య దుర్గాంబ గారు నాలుగేళ్లుగా కుంటుతున్నారు. నాకు సెలవు దొరక్క మూడుసార్లు వాయిదా వేశాం. "కోతంటే భయం లేదు సుధా, మత్తంటేనే. నా తల దగ్గర నువ్వుంటేనే బల్లెక్కుతాను" అంటారు. ఉద్యోగం మానడానికి సగం కారణం ఆ మాటే.

సా. 5.00

అత్తయ్య తమ్ముడు రామమూర్తి గారు పొన్నూరులో పురోహితులు. ముహూర్తం పెట్టేశారు. శుక్రవారం ఉదయం 9.20. "దివ్యంగా ఉందమ్మా!" అన్నారు. సర్జన్ గారూ సరేనన్నారు. అన్నీ కలిసొస్తున్నాయి!

అక్టోబరు 29

పొద్దున పొన్నూరు. మధ్యాహ్నం గుంటూరు. సాయంత్రం తుళ్లూరు. తుళ్లూరు లెక్కలోకి రాదు. దారిలోదే అనుకుంటే దారిలోదే.

అక్టోబరు 31

అద్దం ముందు నిలబడి "కుదరదు" పదిసార్లు అన్నాను. మావారు ఆత్రేయ వింటున్నారు. కాలేజీలో లెక్కలు చెప్పే మనిషి, తప్పు పట్టకుండా ఉండలేరు.

"పదిసార్లలో ఎనిమిదిసార్లు నవ్వావు. రెండుసార్లు సారీ చెప్పావు" అన్నారు.

నవంబరు 2, ఆదివారం

సెలవు. అంటే రెండు కేసులే. ఒక బాసు పోయి పదకొండుమంది బాసులు వచ్చారు. అందరూ "మీ ఇష్టం మేడమ్" అనే మొదలుపెడతారు.

నవంబరు 4

అద్దంకి వెళ్లేటప్పుడు పత్తి లారీ వెనక ఇరవై నిమిషాలు. అక్కడి డాక్టర్ సమీరా అడిగారు, ఏడో తేదీ పొద్దున రాగలరా అని. "కుదరదు" అన్నాను! నవ్వలేదు!

ఐదు నిమిషాలాగి నేనే మళ్లీ వెళ్లి అడిగాను, ఇంకెవరైనా దొరికారా అని. దొరికారట, ఒక్క ఫోనుకే. మనసు చివుక్కుమంది. నేను లేకపోతే అద్దంకిలో ఆపరేషన్లు ఆగిపోతాయనుకున్నాను కాబోలు.

నవంబరు 6, గురువారం. సా. 6.00

పొన్నూరు నుంచి డాక్టర్ రెబెకా ఫోన్. "మేడమ్, రేపు పొద్దున్నే ఒక్క సిజేరియన్. ఏడున్నరకల్లా రండి. ఎనిమిదిన్నరకి మీరు గుంటూరు దారిలో ఉంటారు. మీరైతేనే నాకు ధైర్యం."

ఆ చివరి మాట లేకపోతే "కుదరదు" అనేదాన్నే. నిజంగా అనేదాన్నే.

ఇది నియమం తప్పడం కాదు. శుక్రవారం అంటే 9.20 నుంచి అని నా ఉద్దేశం. అత్తయ్యకి చెప్పలేదు. అనవసరంగా కంగారు పడతారు.

నవంబరు 7, శుక్రవారం

ఉ. 7.25. పొన్నూరు. అంతా సిద్ధం. రెండో కాన్పు, మొదటిదీ సిజేరియనే. తేలిక.

7.35. తేలిక కాదు. గర్భిణి అత్తగారు కొండమ్మ థియేటరు తలుపుకి అడ్డంగా నిలబడింది. "తొమ్మిదీ ఇరవై లోపు బిడ్డని తియ్యటానికి వీల్లేదండీ. పంతులుగారు రాసిచ్చారు." చీటీ చూపించింది. రామమూర్తి గారి దస్తూరీ!

7.40. ఆయనకి ఫోన్. "మంచి ఘడియ మనింటికొక్కదానికే వస్తుందా అమ్మా? అడిగినవాళ్లందరికీ అదే ఇచ్చాను!"

7.50. కొండమ్మని బతిమాలాను. "ఎనిమిదింటికైతే ఏమవుతుందమ్మా?" ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. "మీ ఇంట్లోవాళ్లకైతే ముహూర్తం దాటిస్తారా మేడంగారూ?"

8.05. తెలిసిన మత్తు డాక్టర్లు నలుగురికి ఫోన్ చేశాను. నలుగురికీ 9.20కే కేసులున్నాయి. ఈలోగా అమ్మాయికి సన్నగా నొప్పులు మొదలయ్యాయి. గంటన్నరకి మించి ఆగకూడదన్నారు రెబెకా. నేను కదిలితే ఈ పిల్లకి మత్తిచ్చేవాళ్లు లేరు.

8.20. ఆత్రేయకి ఫోన్. అత్తయ్య లాక్కున్నారు. "కానీలే సుధా. ముహూర్తం దాటించొద్దు. ఇక్కడ ఎవరో మత్తు డాక్టరు సాల్మన్ గారున్నారట, ఆయన చేత మత్తు ఇప్పించుకుంటాను. ఆ పిల్లని వదిలి రాకు."

9.22. ఆడపిల్ల. మూడు కిలోలు. గట్టిగా ఏడ్చింది. స్వీట్లు రెబెకా గారికి. ఫొటో తీసేటప్పుడు నన్ను "కాస్త పక్కకి జరగండి" అన్నారు.

11.30. గుంటూరు. ఆపరేషన్ అయిపోయింది. అత్తయ్య నడుం కిందికే మత్తు కాబట్టి మొత్తం మెలకువగానే ఉన్నారు. నన్ను చూసి నవ్వారు.

"మంచాయన. గంటన్నరా నా తల దగ్గరే నిలబడ్డాడు. మధ్యలో పొరపాటున 'సుధా' అని పిలిచాను. ఆయనే 'ఆఁ, ఇక్కడే ఉన్నా' అన్నాడు."

బాత్‌రూములోకి వెళ్లి కుళాయి తిప్పి ఏడ్చాను.

నవంబరు 9

తప్పెవరిదని జాబితా రాశాను. రామమూర్తి గారు. రెబెకా. కొండమ్మ. పంచాంగం. ఒక్కొక్కటే కొట్టేశాను. "మీరైతేనే ధైర్యం" అనిపించుకోవాలని పొన్నూరు పరిగెత్తింది నేను. ఆ మాట నాలుగేళ్లుగా ఇంట్లో ఒకావిడ ఊరికే అంటూనే ఉంది.

నవంబరు 14, శుక్రవారం. సా. 5.00

అత్తయ్య ఇంటికొచ్చేశారు. వాకర్‌తో వంటింటి దాకా నడిచారు. ఆరువారాలకి ఎడమ మోకాలట. పంచాంగం తీసి మంచిరోజు వెతుకుతుంటే అత్తయ్య లాక్కున్నారు.

"మంచిరోజు చూడకు. మంచిరోజైతే ఊళ్లన్నీ నిన్నే పిలుస్తాయి. డిసెంబరు పందొమ్మిది పెట్టు. అమావాస్య. ఆరోజు బిడ్డని తియ్యమని ఎవరూ అడగరు."

అమావాస్య నాడు కొత్త చీర మడత కూడా విప్పని మనిషి!

"మీకు భయం లేదా అత్తయ్యా?"

"ఎందుకు లేదు? బోలెడుంది. అయినా నువ్వు లేని ముహూర్తం కన్నా నువ్వున్న అమావాస్య నయం."

సా. 6.30

కొత్త పేజీ. నియమం ఒక్కటే: డిసెంబరు 19.

పదకొండు నర్సింగ్‌హోమ్‌లకీ మెసేజ్ పెట్టాను. "ఆరోజు రాను. మా అత్తయ్యకి మత్తు నేనే ఇవ్వాలి." నిమిషంలో రెబెకా గారి జవాబు: "అమావాస్యే కదా, ఆరోజు మాకూ పనుండదు. 18 సాయంత్రం మాత్రం ఒక్క చిన్న కేసుంది మేడమ్..."

అత్తయ్యకి చదివి వినిపించాను. ఆవిడ కళ్లజోడు సవరించుకుని పెన్ను అడిగారు. నా డైరీలో, నా నియమం కింద, ఆవిడే రాశారు: "18 కూడా."