మాల్‌లో ఓడిపోయిన గూఢచారి

మంగళవారం, రాత్రి

ఈరోజు ఫిల్మ్‌నగర్‌లో ఒక నిర్మాతకు నా నవల కథ చెప్పాను. హైదరాబాద్‌ను దెబ్బతీయడానికి వచ్చిన విదేశీ గూఢచారి మాల్‌లో డిస్కౌంట్ల వెంట పడి, వచ్చిన పనే మరిచిపోతాడు. ఆయన పడీపడీ నవ్వారు.

"అదిరిందండీ! ఒక్క మార్పు. ఈ సినిమాకు ఒక మాల్ వాళ్లే డబ్బు పెడుతున్నారు, అందుకని వాడు అక్కడ షాపింగ్ చేసి మంచివాడైపోవాలి."

ఏళ్ల తరబడి రాసుకున్న నవల. కుదరదన్నాను. మెట్లు దిగి వచ్చేశాను.

యూసుఫ్‌గూడలో ఇంటికొచ్చి నా భార్య సరళకు చెప్పాను. తను అన్నం వడ్డించింది.

"పోనియ్. నీ గూఢచారిని అమ్ముకోకుండ ఇంటికి తెచ్చుకున్నవ్ గదా, గది చాలు. తిను."

తిన్నాను. రేపు ఎవరి గడప తొక్కాలో మాత్రం తెలియడం లేదు...