మీ అమ్మ కాపలా కాస్తున్న చోటు

చోంగ్‌చింగ్

అమ్మాయీ రుయిషిన్,

ఎండలకు తాళలేక మా పొద్దుటి తాయ్‌చీ వ్యాయామ బృందం ఈ వేసవికీ కొండల మీదికి వెళ్తోంది. నిరుడు మాకు నేర్పే మీ అమ్మ రానంది. "మనం కదిలితే పార్కులో ఈ చోటు డాన్సువాళ్లు ఆక్రమించేస్తారు. మీరు వెళ్లండి, నేను కాపలా ఉంటా" అంది. ఆ ఎండకే అక్కడే కుప్పకూలి ప్రాణం విడిచింది, నీకు తెలిసిందే.

ఈసారి చోటే వదిలేద్దామనుకున్నాం. నిన్న డాన్సువాళ్ల పెద్దావిడతో, "ఇక మీరే తీసుకోండి" అన్నాను.

ఆమె నన్ను వింతగా చూసింది. "ఊరుకోండక్కా! మీరంతా ఇళ్లకెళ్లాక కూడా మీ టీచరమ్మ అక్కడే నిలబడి ఉంటుంది. మేమెలా అడుగుపెడతాం?"

బస్సులో కిటికీ పక్క సీటు ఖాళీగా ఉంచాం. మా మాట మీ అమ్మ ఏనాడు వింది గనక! నువ్వొచ్చి పిలువమ్మా.

ఆవిడ వెనక వరుసలో నిలబడే
మీ పిన్ని