ఎండ్రకాయల బొరియలు

నాగమ్మా, మన చిన్నమ్మి గెలిచిందే! ఎండ్రకాయల బొరియల మీద రాసిన నోటుబుక్కుకి స్కూల్లో మొదటి బహుమతి! నువ్వు పోయి నేటికి ఏడాది, నీకు కాక ముందు ఎవరికి చెప్పేది?

అయ్యవారు పిల్లలచేత ఒడ్డున బొరియకో పుల్ల పాతిస్తుంటే, సర్కారోళ్లు మన రేవును సర్వే చేసి లాక్కుంటారని నాకు అనుమానమొచ్చింది. పొద్దున్నే పుల్లలు పీకి, బొరియలు కాలితో పూడ్చేసినాను. చిన్నమ్మి ఏడ్చింది. సాయంత్రానికి ఎండ్రకాయలు అక్కడే మళ్లీ తవ్వుకున్నాయి. అది చూసి రాసిన పేజీయే అయ్యవారికి బాగా నచ్చిందంట.

"పూడ్చిందెవరమ్మా?" అని బహుమతి ఇస్తూ అందరి ముందూ అడిగినాడు.

"తెలీదు సార్," అని బొటనవేలు లేని నా కాలివైపు చూసింది. ఇసకలో నా అడుగు గుర్తుపట్టిందనే నా అనుమానం.

బోగోలులో అక్కకి, మన పెద్దోడికి, మీ అమ్మకి చెప్పాలి. నాతోపాటు పుల్లలు పీకిన మీ తమ్ముడికి మాత్రం గుట్టుగా చెప్పాలి.