కర్రోడి కళ్లు

తమ్ముడు సారయ్యకు సిద్దిపేట నుంచి అన్న దుబ్బయ్య రాసేది. ఇంట్లో మనుషులమంతా బాగానే ఉన్నాం. నీ కుక్క కర్రోడికే కళ్లు పోయాయి.

నువ్వు భివండి వెళ్లాక పడుగు నూలు దువ్వే పాత కుంచెతో వాడి ఒళ్లు దువ్వినవాడు లేడు. చెవుల నిండా గోమార్లు పట్టి రక్తం పీలుస్తుంటే, పిల్లల తలలో పేలకు పెట్టినట్టే అవ్వ సీతాఫలం గింజలు నూరి పట్టించి గుడ్డ కట్టింది. పిల్లలైతే కదలకుండా కూర్చుంటారు. వాడు కాలితో గీరి గుడ్డ లాగేసి, ఆ ముద్ద కళ్లలోకి పులుముకున్నాడు. ఎన్ని నీళ్లు పోసినా లాభం లేకపోయింది.

నిన్న వీధిలో పడుగు చాచి గంజి పెడుతుంటే, ఆ గంజి నాకడానికి మేకలొచ్చాయి. చప్పుడు విని కర్రోడు ఎప్పటిలాగే తరమబోయి, పోగుల్లో చిక్కుకుని ఒకటే ఏడుపు. "నా చేతులిరుగ, నోరు లేని జీవిని గుడ్డిదాన్ని జేస్తి కదా కొడుకా" అని అవ్వ అన్నం ముట్టడం లేదు. ఆమెకు నాలుగు మంచి మాటలు రాయి. కానుగ నూనెలో నువ్వేం కలిపి వాడికి పూసేవాడివో అదీ రాయి, గోమార్లు మళ్లీ పడుతున్నాయి. నీ దగ్గు తగ్గిందా? చద్దన్నం తినకు. దేవుడు నిన్ను చల్లగా చూడాలి.

ఎప్పుడొచ్చినా వాడకట్టు మొదటి నుంచే వాణ్ణి పేరు పెట్టి పిలుస్తూ రా. ఎవరు చెయ్యి వేసినా కరుస్తున్నాడు. తెలియక నిన్నూ కరుస్తాడేమో.